అత్తిపత్తి కాడలో విద్యుత్ సంకేతం పట్టడం: వెండి తీగ నుంచి స్క్రీన్ మీది గీత దాకా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు అత్తిపత్తి దొరకని చోటు లేదు. బడి వెనకాల, కాలవ గట్టు మీద, రైలు పట్టాల పక్కన ఎక్కడ చూసినా అదే. ముట్టుకుంటే ముడుచుకుంటుందని చిన్న పిల్లలకీ తెలుసు. ఆకు వాలిపోయే ముందు దాని కాడ గుండా ఒక విద్యుత్ సంకేతం పరిగెడుతుంది. వెండి తీగలు, సంకేతాన్ని పెంచే చిన్న యాంప్లిఫయరు, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బోర్డు ఉంటే రెండు మూడు వేల రూపాయల ఖర్చుతో దాన్ని ఇంట్లోనో, బడి ల్యాబులోనో చూడవచ్చు.

సైన్స్ ప్రాజెక్టులు చేయించే టీచర్లనీ, ఇంజనీరింగ్, డిగ్రీ పిల్లలనీ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. సర్క్యూట్ కట్టడం సగం పనే. స్క్రీన్ మీద కదిలిన గీత నిజంగా మొక్క నుంచే వచ్చిందని రుజువు చేసుకోవడం మిగతా సగం. చాలామంది ఆ రెండో సగాన్ని వదిలేస్తారు.

అసలు ఏం కొలుస్తున్నాం

మొక్క కణం లోపలి వైపు బయటితో పోలిస్తే సుమారు 100 నుంచి 200 మిల్లీవోల్టుల రుణ వోల్టేజీతో ఉంటుంది. కణపొరలోని పంపులు హైడ్రోజన్ అయాన్లను ఎప్పుడూ బయటికి తోస్తూ ఈ తేడాని నిలబెడతాయి. చల్లటి నీళ్లో, గట్టి తాకుడో తగిలితే కాల్షియం లోపలికి వస్తుంది, క్లోరైడ్ బయటికి పోతుంది, రుణ వోల్టేజీ ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఆ తర్వాత పొటాషియం బయటికి వెళ్లి మళ్లీ పాత స్థితికి తెస్తుంది. మన నరాల్లో సోడియం లోపలికి రావడం ఏ పని చేస్తుందో, ఇక్కడ క్లోరైడ్ బయటికి పోవడం ఆ పని చేస్తుంది. నరంలో ఇదంతా మిల్లీసెకన్లలో అయిపోతుంది. మొక్కలో సెకన్లు పడుతుంది. అత్తిపత్తి కాడలో ఈ సంకేతం సెకనుకి ఇంచుమించు 2, 3 సెంటీమీటర్లు నడుస్తుంది. మామూలు పరికరాలతో దీన్ని పట్టగలగడానికి ఈ నెమ్మదే కారణం.

సంకేతాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి యాక్షన్ పొటెన్షియల్. ఇది వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే అసలు రాదు, దూరం వెళ్లినా బలం పెద్దగా తగ్గదు. రెండోది వేరియేషన్ పొటెన్షియల్. ఆకుని కాల్చినా, కోసినా వస్తుంది. ఇది ఇంకా నెమ్మది, నిమిషాల తరబడి సాగుతుంది, గాయం నుంచి దూరమయ్యే కొద్దీ బలహీనపడుతుంది.

ఈ కొలతలు కొత్తవి కావు. డార్విన్ ప్రోద్బలంతో బర్డన్ శాండర్సన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1873లో ఈగల్ని పట్టే వీనస్ ఫ్లైట్రాప్ ఆకులో విద్యుత్ మార్పుల్ని కొలిచాడు. అత్తిపత్తి సంగతికి వస్తే మన జగదీశ్ చంద్ర బోస్ పేరు చెప్పకుండా ముందుకు వెళ్లలేం. కాడలో పాకేది కేవలం నీటి ఒత్తిడేనని అప్పట్లో చాలామంది అనుకునేవారు. అది నరాల్లో లాంటి ఉద్దీపనేనని ఆయన ప్రయోగాలు చేసి వాదించాడు. 1917లో కలకత్తాలో తన సంస్థని స్థాపించాక కూడా ఆ పని సాగించాడు. గాయపడిన ఆకు నుంచి మిగతా ఆకులకి వెళ్లే సంకేతంలో జంతువుల నరాల్లో సంకేతాలు అందుకునే గ్లూటమేట్ రిసెప్టర్లని పోలిన జన్యువుల పాత్ర ఉందని 2013లో ఆవ మొక్క కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ మీద స్విట్జర్లాండులో తేలింది. వాళ్లు వాడినవీ ఆకు పైన ఆనించిన వెండి ఎలక్ట్రోడులే.

ముందుగా మొక్క

ప్రయోగానికి కనీసం రెండు వారాల ముందు మొక్కని కుండీలోకి మార్చండి. చిన్న మొక్కని వేరు చుట్టూ మట్టితో సహా తవ్వి తీయాలి. గట్టు మీద నుంచి పీకి తెచ్చి ఆ రోజే తీగలు చుడితే ఏమీ రాదు. విత్తనాల నుంచి పెంచితే ఇంకా మంచిది. ఎండిన కాయల్లోంచి గింజలు తీసి, వేడి నీళ్లలో వేసి రాత్రంతా నాననిస్తే పైతొక్క మెత్తబడి బాగా మొలుస్తాయి. ఆకు కాడ 4, 5 సెంటీమీటర్లు ఉన్న మొక్క కావాలి. అంతకన్నా పొట్టి కాడ మీద రెండు తీగలు పట్టవు.

వెండి తీగ

ఎలక్ట్రోడ్ కోసం రాగి తీగ, గుండుసూది, స్టీలు సూది వాడకండి. అవి తడి తగిలిన చోట వాటంతట అవే వోల్టేజీ పుట్టిస్తాయి, అది నిలకడగా ఉండదు. వెండి మీద సిల్వర్ క్లోరైడ్ పొర ఉంటే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. ఈసీజీ తీసేటప్పుడు ఒంటికి అంటించే బిళ్లల్లోనూ ఇదే ఉంటుంది.

తీగ కోసం ఆన్‌లైన్లో వెతకనక్కర్లేదు. మీ ఊళ్లో కంసాలి పని చేసే ఆచారి గారి దగ్గరికి వెళ్లండి. "ఆచారి గారూ, పట్టీల వెండి కాదండి, రాగి కలపని శుద్ధమైన వెండి, పావు మిల్లీమీటరు తీగ కావాలి" అని అడగండి. రాగి కలిసిన వెండి మీద క్లోరైడ్ పొర సమంగా పట్టదు. ఆయన వెండి కడ్డీని కమ్మచ్చులో (తీగ సన్నబరిచే బెజ్జాల పలకలో) ఒక్కో బెజ్జంలోంచి పటకారుతో లాగుతారు. రెండు మూడు బెజ్జాలు దాటాక తీగ బిరుసెక్కుతుంది, ఎర్రగా కాల్చి మెత్తబరిచి మళ్లీ లాగుతారు. పావు మిల్లీమీటరు కుదరకపోతే అర మిల్లీమీటరైనా పనికొస్తుంది. 10 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కోయించుకోండి. కమ్మచ్చు నూనె తీగకి అంటి ఉంటుంది కాబట్టి ముందు సన్నటి ఉప్పు కాగితంతో, తర్వాత స్పిరిట్ తడిపిన దూదితో తుడవాలి.

ఇప్పుడు క్లోరైడ్ పొర. సువాసనలు, సబ్బు కలపని మామూలు బ్లీచ్ ద్రావణంలో తీగ చివర 2 సెంటీమీటర్లు ముంచి అరగంట ఉంచండి. తళుకు పోయి బూడిద, ఊదా కలిసిన ముదురు రంగు రావాలి. మచ్చలు మచ్చలుగా వస్తే గీకేసి మళ్లీ మొదలుపెట్టండి. బ్లీచ్‌లో యాసిడ్ ఏదీ కలవకూడదు, విషవాయువు వస్తుంది. బ్లీచ్ వద్దనుకుంటే ఉప్పునీళ్లలో రెండు వెండి తీగలు ముంచి, మార్చాల్సిన తీగని ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ప్లస్‌కి, రెండోదాన్ని మైనస్‌కి కొన్ని నిమిషాలు కలిపినా పొర పడుతుంది.

పొర పట్టిన రెండు తీగల్నీ ఒకదానికొకటి తాకించి కట్టి, ఉప్పునీళ్లలో ముంచి చీకట్లో రాత్రంతా ఉంచండి. పొద్దున్న విడదీసి, తీగల్ని అదే గిన్నెలో ముంచి ఉంచి, మల్టీమీటరుతో రెంటి మధ్య వోల్టేజీ చూడండి. రెండు మూడు మిల్లీవోల్టుల్లోపు ఉంటే జత కుదిరినట్టే. 20 దాటితే ఆ జతని వాడకండి. ఈ పరీక్ష మానేస్తే తర్వాత వచ్చే ప్రతి గీత మీదా అనుమానం మిగులుతుంది. వెలుతురుకి సిల్వర్ క్లోరైడ్ పాడవుతుంది కాబట్టి నల్లటి డబ్బాలో దాచుకోండి.

తీగకీ మొక్కకీ మధ్య తడి

పొడి తీగ చుడితే సరిపోదు, మధ్యలో అయాన్లున్న జెల్ ఉండాలి. మందుల షాపులో దొరికే ఈసీజీ జెల్‌తో మొదలుపెట్టవచ్చు. అయితే అందులో ఉప్పు ఎక్కువ, కాడ పై కణాల్ని అది మెల్లగా మార్చేస్తుంది. పైగా ఎండాకాలంలో తొందరగా ఎండిపోతుంది.

నా మట్టుకు నేను అగర్ జెల్‌నే నమ్ముతాను. కాలేజీ ల్యాబులో దొరికే పొటాషియం క్లోరైడ్ 0.75 గ్రాములు తూచి, నీళ్లతో 100 మిల్లీలీటర్లు చేయండి. అందులోంచి 10 మిల్లీలీటర్లు తీసి మళ్లీ 100 చేయండి. చివరికి దక్కేది 10 మిల్లీమోలార్ ద్రావణం. కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్ (అగర్ అంటే ఇదే) అర గ్రాము నుంచి ఒక గ్రాము దాకా వేసి కరిగేదాకా మరిగించి, గోరువెచ్చగా అయ్యాక సిరంజిలోకి తీసుకోండి. ఎరువుల దుకాణంలో అమ్మే ఎర్ర పొటాష్ మాత్రం వద్దు, దాంట్లో మలినాలు ఉంటాయి.

యాంప్లిఫయరు

ఇక్కడే ఎక్కువమంది తప్పు బోర్డు కొంటారు. గుండె కొట్టుకోవడం చూడటానికి అమ్మే ఏడీ8232 బోర్డు చవక, అన్ని చోట్లా దొరుకుతుంది. గుండె సంకేతం వేగంగా ఉంటుంది కాబట్టి, అర హెర్ట్జ్ కన్నా నెమ్మదిగా మారేదాన్ని ఆ బోర్డు వడకట్టేస్తుంది. మొక్క సంకేతం బతికేదే ఆ నెమ్మదిలో. ఆ బోర్డు మీద అత్తిపత్తి సంకేతం వంకర తిరిగి కనిపిస్తుంది, టమాటా గాయం సంకేతం అసలు కనిపించదు.

మొక్క కణజాలం నిరోధం లక్షల ఓముల నుంచి మెగాఓముల దాకా ఉంటుంది. అందుకే మామూలు మల్టీమీటరు 10 మెగాఓముల ఇన్‌పుట్ కూడా సంకేతాన్ని కొంత మింగేస్తుంది. ఏడీ620 అనే ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయరు ఐసీ ఇన్‌పుట్ 10 గిగాఓములు, మన పనికి అది చాలు. కాళ్ల లెక్క ఇది: 1, 8 మధ్య గెయిన్ రెసిస్టరు (సంకేతం ఎన్ని రెట్లు పెరగాలో నిర్ణయించేది), 2 మైనస్ ఇన్‌పుట్, 3 ప్లస్ ఇన్‌పుట్, 4, 7 వరుసగా మైనస్, ప్లస్ సప్లయి, 5 రిఫరెన్స్, 6 అవుట్‌పుట్. గెయిన్ రెసిస్టరు 5.6 కిలోఓములు పెడితే దాదాపు 10 రెట్లు పెరుగుతుంది. సంకేతం పదుల మిల్లీవోల్టుల్లో ఉంటుంది కాబట్టి అంతకన్నా ఎక్కువ అవసరం లేదు. వెయ్యి రెట్లు పెట్టారంటే ఎలక్ట్రోడుల మధ్య ఉన్న చిన్న తేడాకే అవుట్‌పుట్ గోడకి కొట్టుకుని ఆగిపోతుంది.

సప్లయికి రెండు 9 వోల్టుల బ్యాటరీలు వరసగా కలపండి. వాటి మధ్య బిందువే సున్నా. దాన్నే ఆర్డుయినో గ్రౌండుకి కలపాలి. ఆర్డుయినో రుణ వోల్టేజీని చదవలేదు కనుక అవుట్‌పుట్‌ని 2.5 వోల్టులు పైకి ఎత్తాలి. ఆర్డుయినో 5 వోల్టుల నుంచి రెండు 10 కిలోఓముల రెసిస్టర్లతో సగం తీసి, దాన్ని ఎల్‌ఎం358 ఐసీతో కట్టిన బఫరు (వోల్టేజీని మార్చకుండా దాటించే మెట్టు) గుండా 5వ కాలికి ఇవ్వండి. బఫరు లేకుండా రెసిస్టర్ల నుంచి నేరుగా ఇస్తే కొలత చెడుతుంది. 6వ కాలికీ ఆర్డుయినో వైపుకీ మధ్య 10 కిలోఓములు పెట్టండి, యాంప్లిఫయరు అదుపు తప్పినా బోర్డు కాలదు.

చదవడానికి ఏడీఎస్1115 అనే, వోల్టేజీని అంకెలుగా మార్చే 16 బిట్ల మాడ్యూలు ఉంటే బాగుంటుంది. దాని ఒక ఇన్‌పుట్‌కి అవుట్‌పుట్, ఇంకోదానికి 2.5 వోల్టులు ఇచ్చి తేడా చదివించండి. రేంజి 2.048 వోల్టులు పెడితే మొక్క దగ్గర 6 మైక్రోవోల్టుల మార్పు కూడా ఒక మెట్టుగా తెలుస్తుంది. అది లేకపోయినా ఆగిపోకండి. ఆర్డుయినో సొంత 10 బిట్లతో అర మిల్లీవోల్టు దాకా తెలుస్తుంది, అత్తిపత్తికి అది చాలు.

వానాకాలం సంగతి విడిగా చెప్పాలి. జూలై, ఆగస్టుల్లో మన వైపు గాల్లో తేమ బాగా ఎక్కువ. సోల్డరింగ్ చేశాక మిగిలిన ఫ్లక్స్ మీద ఆ తేమ పట్టి, ఇన్‌పుట్ కాళ్ల మధ్య కరెంటు లీకవుతుంది. గీత గంటల తరబడి ఒకవైపే జారుతుంటే మొక్కని అనుమానించే ముందు బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో ఉంచండి.

ఇంట్లో కరెంటు తెచ్చే గోల

మన దేశంలో ఇంటి కరెంటు 50 హెర్ట్జ్. గోడలోని వైర్లు, ఫ్యాను రెగ్యులేటరు, ఎల్‌ఈడీ బల్బు అన్నీ మీ తీగల మీద దాన్ని చల్లుతూనే ఉంటాయి. దీనికి మూడు మందులు. మొదటిది జాలీ పంజరం: దోమల కోసం కిటికీలకి కొట్టే ఇనప జాలీతో మొక్క చుట్టూ పెట్టెలా చేసి సర్క్యూట్ గ్రౌండుకి కలపండి. అట్టపెట్టెకి అల్యూమినియం రేకు చుట్టవచ్చు గానీ లోపల చీకటైపోతుంది, చీకట్లో అత్తిపత్తి ఆకులు ముడుచుకుంటాయి. రెండోది ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద నడపడం. మొక్కకి ఏ రకంగానూ ఇంటి కరెంటు తగలకుండా ఉండటానికి కూడా ఇది తప్పనిసరి. మూడోది ప్రోగ్రాములో: సరిగ్గా 100 మిల్లీసెకన్ల పాటు వచ్చిన రీడింగులన్నీ కలిపి సగటు తీసి, సమయంతో పాటు ఒక వరుసగా ల్యాప్‌టాప్‌కి పంపించండి. 100 మిల్లీసెకన్లలో 50 హెర్ట్జ్ అలలు సరిగ్గా ఐదు పడతాయి, సగటులో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సెకనుకి పది రీడింగులు ఈ పనికి సరిపోతాయి. కరెంటు పోయిన వేళ ఓసారి రికార్డు చేసి చూడండి, మీ గదిలో గోల ఎంతుందో తెలిసిపోతుంది.

మొక్క మీద తీగ చుట్టడం

కాడ మొదట్లో, కాండానికి అతుక్కునే చోట, చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఆకు వాలడానికి కీలు అదే. తీగని దాని మీద చుట్టకండి. ఆకు వైపుగా ఒక సెంటీమీటరు దూరంలో తీగ చివరని ఒకటిన్నర చుట్టు వదులుగా తిప్పి, సిరంజితో ఒక చుక్క జెల్ వేయండి. తీగ కాడని నొక్కకూడదు, జెల్ మాత్రమే ఆనాలి. ఈ తీగ 3వ కాలికి. రెండో వెండి తీగని తడి మట్టిలో గుచ్చి 2వ కాలికి ఇవ్వండి. అదే మట్టిలో ఒక స్టీలు మేకు గుచ్చి సర్క్యూట్ గ్రౌండుకి కలపండి. ఈ మేకు లేకపోతే ఇన్‌పుట్‌లు గాల్లో తేలుతున్నట్టే, గీత పైకో కిందికో పోయి అతుక్కుంటుంది.

తర్వాత కాడని కదలనివ్వకూడదు. పక్కన ఒక చీపురుపుల్ల పాతి, నూలు దారంతో కాడని రెండు చోట్ల మెత్తగా కట్టండి. ఆకు వాలినప్పుడు తీగ కదిలితే, ఆ కదలికే సంకేతంలా కనిపిస్తుంది.

ఇవన్నీ చేసేసరికి మొక్క ముడుచుకుపోయి ఉంటుంది. గంటసేపు వదిలేయండి. ఆకులన్నీ విప్పుకుని, గీత నిమిషానికి ఒకటి రెండు మిల్లీవోల్టుల కన్నా ఎక్కువ జారకుండా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. సాయంత్రం వద్దు, పొద్దుగూకే వేళకి ఆకులు వాటంతట అవే ముడుచుకుంటాయి. పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా మంచి సమయం.

చల్లటి చుక్క

వేలితో ముట్టుకోవడం కన్నా ఐసు నీటి చుక్క మేలు. మీ ఒంటి మీది స్థిర విద్యుత్ మొక్కకి తగలదు, పెద్ద కుదుపూ ఉండదు. డ్రాపరుతో ఆకు చివరి వైపు, చీలిక మొదట్లో ఒక్క చుక్క వేయండి. అదే క్షణంలో పక్కనున్న వాళ్లు సమయం రాసుకోవాలి.

ఒకటి రెండు సెకన్లు గీతలో ఏమీ ఉండదు. ఆ తర్వాత ఉన్నట్టుండి కిందికి పడుతుంది. కాడ బయటి తలం ఆ క్షణంలో మట్టితో పోలిస్తే రుణంగా మారుతుంది. పడటం చురుగ్గా ఉంటుంది, తిరిగి లేవడం బద్ధకంగా, కొన్ని సెకన్ల పాటు సాగుతుంది. లోతు పదుల మిల్లీవోల్టులు ఉండవచ్చు. సంకేతం కాడ మొదట్లోని కీలుని చేరాకే ఆకు వాలడానికి లాగుతుంది. అంటే గీత ముందు, కదలిక తర్వాత. ఫోన్‌లో వీడియో తీస్తూ స్క్రీనూ ఆకూ ఒకే ఫ్రేములో ఉండేలా చూసుకుంటే ఈ వరస కళ్లారా కనిపిస్తుంది. మళ్లీ చుక్క వేసే ముందు ఆకు పూర్తిగా విప్పుకోనివ్వండి, కనీసం 20 నిమిషాలు.

వేగం కొలవాలంటే మట్టిలోని వెండి తీగ తీసి, దాన్నీ కాడ మీదే మొదటిదానికి 2 సెంటీమీటర్ల దూరంలో చుట్టండి. మేకు మాత్రం మట్టిలోనే ఉండాలి. ఇప్పుడు సంకేతం ఒక తీగ దాటినప్పుడు గీత ఒకవైపు, ఇంకోది దాటినప్పుడు ఎదుటి వైపు వంగుతుంది. ఈ రెండు శిఖరాల మధ్య కాలంతో దూరాన్ని భాగిస్తే వేగం వచ్చేస్తుంది. పదో తరగతి పిల్లలు తమ చేత్తో చేసుకోగల లెక్క ఇది, దీన్ని వాళ్ల చేతే చేయించండి.

అది మొక్కదేనా?

"మాస్టారూ, చుక్క పడింది, గీత కదిలింది. అంటే మొక్కకి తెలిసినట్టే కదా?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. "అదే చుక్క ఉప్పునీళ్లలో తడిపిన నూలు దారం మీద వేసి చూడు బాబూ" అనాలి.

దారాన్ని కాడ ఉన్న చోటే, అదే తీగలకి చుట్టి, అదే ఐసు నీరు వేయండి. గీత కదిలితే మీ ఏర్పాటులోనే లోపం ఉంది. తర్వాత వేడి నీళ్లలో ముంచి చంపిన ఆకుతో చేయండి. ఆ తర్వాత బతికిన మొక్క మీదే గది వేడిమి ఉన్న నీటి చుక్కని అంతే మెల్లగా వేయండి, తడి వల్ల వచ్చే మార్పు ఎంతో విడిగా తెలుస్తుంది. మొక్కని ముట్టకుండా చేయి దగ్గరికి తీసుకెళ్లి చూడండి. కుండీని చిన్నగా తట్టి చూడండి. చివరగా 2, 3 కాళ్లకి వెళ్లే తీగల్ని అటూఇటూ మార్చండి. నిజమైన సంకేతమైతే కిందికి పడాల్సింది పైకి లేవాలి. ఈ పరీక్షలన్నిటి గీతలూ అసలు గీత పక్కనే పెట్టి చూపించని ప్రాజెక్టుకి నేనైతే మార్కులు వేయను.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 1966లో క్లీవ్ బాక్‌స్టర్ అనే అమెరికన్ అబద్ధాలు పట్టే యంత్రాన్ని ఇంట్లో పెంచుకునే మొక్క ఆకుకి తగిలించి, మొక్కలు మన ఆలోచనల్ని పసిగడతాయని ప్రకటించాడు. పక్క గదిలో చిన్న రొయ్యలు చచ్చినా మొక్క స్పందిస్తుందన్నాడు. సరైన పోలికలతో చేసిన ప్రయోగంలో అలాంటి స్పందనేమీ రాలేదని 1975లో సైన్స్ పత్రికలో వచ్చింది. అయినా ఆ కథ ఇవాళ్టికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. మొక్కల చేత సంగీతం పాడిస్తామనే పరికరాలూ ఆకు విద్యుత్ వాహకతలో మార్పుల్ని స్వరాలుగా మారుస్తాయి, వాటిని మొక్క పాటగా తీసుకోనక్కర్లేదు. మొక్క నిజంగా చేసే పనే ఇంత గొప్పగా ఉంటే కల్పన ఎందుకు?

అత్తిపత్తి తర్వాత

చేయి తిరిగాక టమాటాకి వెళ్లండి. కింది ఆకు అంచుని వెలిగించిన అగ్గిపుల్లతో రెండు సెకన్లు తాకించి, పై ఆకు కాడ మీద రికార్డు చేయండి. ఇక్కడ వచ్చేది వేరియేషన్ పొటెన్షియల్. మొదలవడానికే చాలాసేపు పట్టవచ్చు, ముగియడానికి ఇంకా ఎక్కువ. అరగంట రికార్డు చేయకపోతే పూర్తి ఆకారం దొరకదు. ఇంత నెమ్మది కొలతలో జెల్ ఎండటం పెద్ద ఇబ్బంది. జెల్ చుక్క మీద కొంచెం వాసెలీను రాస్తే తడి నిలుస్తుంది. అరటి, మనీ ప్లాంట్ లాంటి వెడల్పాటి ఆకులకి వెండి తీగ బదులు ఈసీజీ బిళ్లని చిన్నగా కత్తిరించి అంటించినా చాలు. దీపం వేసి ఆర్పడం, ఎండిన కుండీకి నీళ్లు పోయడం వంటివి వాటి మీద చేసి చూడదగ్గవి.

కొరాపుట్, జయపురం ఎత్తు ప్రాంతాల వాళ్లు డిసెంబరు, జనవరిల్లో మొదలుపెట్టకండి. చలికి అత్తిపత్తి మందగిస్తుంది, స్పందన ఆలస్యంగా, బలహీనంగా వస్తుంది. గది 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకోండి. ప్రతి రికార్డు పక్కనా గది ఉష్ణోగ్రత, సమయం, మొక్క వయసు, తీగల మధ్య దూరం, చివరిసారి నీళ్లు పోసిన రోజు రాయండి. ఈ ఐదూ లేని గీతని ఇంకో ఊళ్లో ఇంకొకరు చేసి సరిచూసుకోలేరు.